పెరటి చెట్టుకే వైద్యం

ప్రశ్న: నమస్కారమండీ. మాది తణుకు. 1996లో మా నాన్నగారు కడియపులంకలో సంపెంగ అంటు ఒకటి కొని, బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చి, పెరట్లో పడకగది కిటికీకి ఎదురుగా నాటారు. మూడో ఏడు పూసింది. అప్పట్నుంచి మా ఇంటికి కొత్తగా వచ్చేవాళ్ళకి డోర్ నంబరు చెప్పేవాళ్ళం కాదు, వాసన పట్టుకుని వచ్చేయమనేవాళ్ళం. నాన్నగారు పోయాక 2018లో అమ్మని నాతో హైదరాబాద్ తీసుకెళ్ళి ఇల్లు అద్దెకిచ్చాను. ఈలోగా మా వీధి రోడ్డు రెండుసార్లు వేశారు. వేసినప్పుడల్లా రోడ్డు పెరిగి మా ఇల్లు పల్లంలో పడింది. పెరట్లో వాననీళ్ళు నిలిచిపోతున్నాయని అద్దెకున్నవాళ్ళు గోల పెడితే నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించి మెరక చేయించి, పైన సిమెంటు గచ్చు చేయించాం. ఈ మార్చిలో అమ్మ పట్టుబట్టి మళ్ళీ తణుకు వచ్చేసింది. వచ్చి చూస్తే చెట్టు సగం ఎండిపోయింది. పై కొమ్మలకి ఆకే లేదు. కింద ఉన్నవి చిన్నచిన్న ఆకులు, పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కొమ్మల పంగలో రంపంపొట్టు లాంటిది సాలెగూడులా అల్లుకుంది. ఎరువుల షాపులో అడిగితే డీఏపీ, ఏదో టానిక్ ఇచ్చారు. ఎనిమిది వందలయింది. వేసిన పది రోజులకి ఉన్న ఆకులూ రాలడం మొదలైంది. పక్కింటివాళ్ళు కొట్టించేయమంటున్నారు. వడ్రంగి ఒకాయన వచ్చి బేరం కూడా ఆడి వెళ్ళాడు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసి వస్తోంది. చెట్టు బతుకుతుందా? ఏ మందు కొట్టాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ డీఏపీ సంచి మూతి కట్టేసి అటకెక్కించండి. టానిక్ సీసా కూడా. ఊపిరాడక రొప్పుతున్న మనిషి నోట్లో లడ్డూ కుక్కినట్టయింది ఆ పని. నేలలో లవణాలు ఎక్కువైతే వేరు నీళ్ళు పీల్చుకోలేదు సరికదా, తనలో ఉన్న తడి కూడా పోగొట్టుకుంటుంది. మీ చెట్టుకి తిండి తక్కువై జబ్బు చేయలేదు. గాలి ఆడక చేసింది.

మీరు పంపిన నాలుగు ఫోటోల్లో మూడు ఆకులవే. అందరూ ఆకుల ఫోటోలే పంపుతారు. నేను ఎక్కువసేపు చూసింది నాలుగోది. అందులో అమ్మగారి చెంబు ఉంది, చెట్టు మొదలుంది, గచ్చు ఉంది. ఆ మొదలు గచ్చులోకి కరెంటు స్తంభంలా తిన్నగా దిగిపోయింది. పాతికేళ్ళు దాటిన సంపెంగ మొదలు అలా ఉండకూడదు. నేల దగ్గరికి వచ్చేసరికి ఏనుగు పాదంలా విచ్చుకుని, పెద్ద వేళ్ళు నాలుగు దిక్కులకీ విడిపోయే చోటు పైకి కనపడుతూ ఉండాలి. మీ చెట్టుకి ఆ పాదం గ్రావెల్ కింద ఉంది. నాలుగు ట్రాక్టర్లన్నారు, పెరడు కొలత చూస్తే అడుగుకి పైనే పూడి ఉంటుంది.

అదే ఫోటోలో ఇంకొకటి. గోడవార నుంచి చెట్టు దాకా గచ్చు మీద తెల్లటి చార ఉంది చూడండి. దాని మొదట్లో బూడిద రంగు పైపు. అది వాషింగ్ మెషీన్ నీళ్ళది కాకపోతే నా పేరు మార్చుకుంటాను.

వేళ్ళు కూడా ఊపిరి తీసుకుంటాయి. నీళ్ళనీ ఎరువునీ లాగే సన్నవేళ్ళు చాలావరకు నేల పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయి. లోతుకి పోవు, వెడల్పుకి పోతాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. వాటి మీద గ్రావెల్ పోసి, ట్రాక్టరు నాలుగుసార్లు తిరిగి, పైన సిమెంటు పడితే ఇక గాలి ఎటు నుంచి వెళ్తుంది? చెట్టు ఒక్కరోజులో పోదు. లోపల దాచుకున్నది తింటూ రెండుమూడేళ్ళు లాక్కొస్తుంది. అందుకే మెరక చేయించిన ఏడు ఎవరికీ అనుమానం రాదు. ఎండటం మొదలుపెట్టాక మాత్రం చిటారు కొమ్మ నుంచి కిందికి ఎండుతూ వస్తుంది.

ఇక ఆ పసుపు ఆకుల సంగతి. సంపెంగ పశ్చిమ కనుమల్లో, ఈశాన్యంలో తడి అడవుల చెట్టు. ఆకులు రాలి కుళ్ళి కొంచెం పులుపెక్కిన నేల దానికి ఇష్టం. సిమెంటులోని సున్నం వానకి కొద్దికొద్దిగా దిగుతుంటే నేల క్షారమవుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. లేత ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే గుర్తు అదే. మీ మొదటి మూడు ఫోటోలూ చెప్పింది ఇంతే.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా క్వార్టర్స్ ముందు పెద్ద పొగడ చెట్టుండేది. సాయంత్రం అందరం కూర్చోవచ్చని దాని చుట్టూ మోకాలెత్తు అరుగు కట్టించి, లోపల మట్టి నింపి, పైన నున్నగా సిమెంటు చేయించింది నేనే. అందరూ మెచ్చుకున్నారు. నాలుగో వేసవికి పొగడ మోడైంది. అరుగు పగలగొట్టి చూస్తే మొదలు చుట్టూ బెరడు తడిసిన అట్టలా వేలికి ఊడొచ్చింది. ఉద్యాన శాఖ మనిషిని, నా చేత్తో నేనే కప్పెట్టాను దాన్ని.

సరే, మీది బతికుందా లేదా అన్నది మీరే తేల్చుకోవచ్చు. చిటారు నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ జానెడుకో చోట బెరడుని గోరుతో గీకండి. పెసరపప్పు పొట్టు రంగులో పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. చెక్కపేడులా గోధుమ రంగుగా, పొడిగా ఉంటే అక్కడిదాకా పోయినట్టు. పచ్చ కనపడిన చోట ప్రతి కొమ్మకీ ఒక గుడ్డపీలిక కట్టండి. మొదలు దగ్గర మాత్రం నాలుగు వైపులా చూడాలి. ఒక పక్క పచ్చగా ఉండి ఇంకో పక్క ఎండిపోయి ఉండొచ్చు. ఫోటోలో కింది కొమ్మలకి ఆకు ఉంది కాబట్టి మీ చెట్టు ప్రాణంతోనే ఉందని నా నమ్మకం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. మర్నాడు చూస్తే ఊళ్ళో పచ్చటి ఆకు లేదు. కూలినవి కూలిపోగా, నిలబడ్డవి కూడా కాల్చినట్టు నల్లగా ఉన్నాయి. చచ్చిపోయాయని చాలామంది ఇళ్ళల్లో నిలబడ్డవాటిని కూడా కొట్టించేశారు. కొట్టించడానికి మనుషులు దొరకనివాళ్ళ చెట్లు కొన్ని నెల తిరక్కుండా చిగురు వేశాయి. అప్పట్నుంచి నేను గోరుతో గీకి చూడనిదే ఏ చెట్టునీ పోయిందని చెప్పను.

ఇప్పుడు పని. గచ్చు పగలగొట్టాలి, తప్పదు. మొదలు నుంచి నాలుగు వైపులా కనీసం నాలుగడుగులు. ఆరడుగులు చేయిస్తే ఇంకా మంచిది, మీ పర్సు ఎంత ఒప్పుకుంటే అంత. మేస్త్రీ డ్రిల్లింగ్ మిషను తెస్తానంటాడు. గంటలో అయిపోతుందంటాడు. వద్దనండి. అది గచ్చుతో పాటు కింద వేళ్ళనీ ముక్కలు చేస్తుంది. సుత్తి, ఉలితో పలకలు పలకలుగా లేపించండి. తర్వాత గ్రావెల్ తీయడానికి గునపం, పార మొదలు దగ్గరికి రానీకండి. బొరిగెతో, ఆఖరి జానెడు లోతు చేతులతో తీయాలి. పైపు నీళ్ళు కొంచెం జోరుగా కొడితే గులకరాళ్ళు విడిపోయి వేళ్ళు దెబ్బతినకుండా బయటపడతాయి.

ఎంతదాకా తవ్వాలంటే, ఎర్ర గ్రావెల్ అయిపోయి మీ పాత నల్లమట్టి కనపడేదాకా. అక్కడ ఆగండి, అదే నాన్నగారు నాటిన నేల. ఆ మట్టి గుప్పెడు తీసి వాసన చూడండి. వాన పడ్డప్పటి మట్టివాసన వస్తే మంచిదే. మురుగు కాలవ వాసన వస్తే గాలి ఆడక చాలాకాలమైనట్టు. ఒకటి రెండు వేళ్ళు చూడండి. బతికిన వేరు గట్టిగా, లోపల తెల్లగా ఉంటుంది. చచ్చిన వేరు నల్లబడి, లాగితే ఉడికిన చామదుంప తొక్కలా పై పొర జారిపోతుంది. అలాంటివి కత్తెరతో మంచి చోటుదాకా కత్తిరించేయండి. గ్రావెల్లోకి కొత్తగా పుట్టి మొదలు చుట్టూ తాడులా తిరిగిన సన్నవేళ్ళు ఉంటే అవీ తీసేయాలి. లేకపోతే రేపు అవే లావెక్కి చెట్టు పీక నొక్కుతాయి.

ఏళ్ళ తరబడి మట్టిలో ఉన్న బెరడు పసిపిల్ల చర్మంలా ఉంటుంది. రోహిణి కార్తె ఎండలో ఒక్కసారిగా బయటపెడితే మాడిపోతుంది. అందుకని గచ్చు ఇప్పుడే పగలగొట్టించినా, మొదలు చుట్టూ తవ్వే పని మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక పెట్టుకోండి. తవ్వాక ఓ పదిహేను రోజులు గోనెపట్టా వదులుగా కప్పి ఉంచండి.

ఇక్కడ ఒక చిక్కుంది. నాకు రాసేవాళ్ళలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. మొదలు చుట్టూ అడుగు లోతు గొయ్యి తీశాం, బాగుంది. ఆరుద్ర కార్తెలో ఒక్క పెద్ద వాన పడితే అది గంగాళమైపోతుంది. సంపెంగ వేళ్ళు కండగా, మెత్తగా ఉంటాయి. రెండుమూడు రోజులు నీళ్ళు నిలిస్తే చాలు, కుళ్ళు పట్టుకుంటుంది. అంటే గ్రావెల్‌తో చావాల్సింది నీళ్ళతో చస్తుంది. కాబట్టి గొయ్యి చుట్టూ సిమెంటు వేయకుండా ఇటుకలు పేర్చి, గొయ్యి అడుగుభాగం నుంచి మూడంగుళాల పీవీసీ పైపు ఒకటి వాలుగా పెట్టించి బయటి కాలవలోకి వదలండి. రోడ్డు ఎత్తయింది కాబట్టి కాలవ కూడా మీ గొయ్యి కంటే పైన ఉండొచ్చు. అప్పుడు వాలు కుదరదు. అలాగైతే గొయ్యికి ఒక మూల బకెట్టు పట్టేంత గుంట తీయించి, పెద్ద వాన వెలిసినప్పుడల్లా తోడి పారబోయడమే. చేతిపని, ఏం చేస్తాం. మిగతా గచ్చుకి కూడా కొమ్మల నీడ మేర గజానికొక రెండంగుళాల కన్నం వేయించి, కింద గ్రావెల్ దాటి రెండడుగులు దిగేలా గొట్టాంలా తోడించి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు నింపండి. గాలి దిగడానికి అవే దారులు. ఎలక్ట్రీషియన్ దగ్గర గోడలకి కన్నాలు వేసే మిషను ఉంటుంది, గచ్చు మట్టుకు దాంతో చేయించుకోవచ్చు.

వాషింగ్ మెషీన్ పైపు ఈరోజే మళ్ళించండి. సబ్బుపొడిలో సోడియం మట్టిని పిండిలా చేసి గట్టిపరుస్తుంది. తవ్వడం అయ్యాక ఒకసారి మంచినీళ్ళు నిదానంగా, ఎక్కువగా పారించి ఆ మట్టిని కడిగేయాలి. డీఏపీ లవణాలు కూడా కొంత దాంతో పాటే పోతాయి.

పంగలో రంపంపొట్టు అన్నారు కదా, అది బెరడు తినే పురుగు. ఆ సాలెగూడు దాని సొరంగం. పగలు కొమ్మలో దాక్కుని రాత్రి బయటికొచ్చి ఆ గూటి చాటున బెరడు గీకి తింటుంది. నీరసపడిన చెట్టుని ఇట్టే పసిగడుతుంది. మామిడి, జామ ఉన్న పెరళ్ళలో మామూలే. గూడంతా పాత బ్రష్షుతో ఊడ్చేస్తే కింద పెన్సిల్ పట్టేంత కన్నం కనపడుతుంది. సైకిల్ పుల్ల గానీ ఇనప తీగ గానీ లోపలికి పోనిచ్చి తిప్పండి. పురుగు చచ్చిందో లేదో తీగ కొస తడి చూస్తే తెలుస్తుంది. తర్వాత పెట్రోలులో ముంచిన దూది కుక్కి బంకమట్టితో మూసేయండి. దగ్గర్లో దీపం, అగ్గిపెట్టె లేకుండా చూసుకోండి. వారం తర్వాత మళ్ళీ పొట్టు రాలితే ఇంకో కన్నం ఉన్నట్టు, వెతకండి. దీనికి చెట్టంతా మందు కొట్టక్కర్లేదు.

బట్టలారేసే తీగ చెట్టుకి చుట్టి ఉన్నట్టుంది, బెరడు దాన్ని మింగేసింది. లాగకండి. లాగితే బెరడు పట్టీలా ఊడి వస్తుంది. బయటికి కనపడే మేర రెండు వైపులా కత్తిరించి లోపలిది లోపలే వదిలేయండి. చెట్టు దాని చుట్టూ పెరిగిపోతుంది.

ఎండుకొమ్మలు తీయడం వానలు కుదురుకున్నాక. గుడ్డపీలిక కట్టిన చోటు దాటి ఒక్క పచ్చి కొమ్మ కూడా ముట్టుకోవద్దు. బలం లేని చెట్టుకి ఆకే పొయ్యి. మొత్తం కొట్టేస్తే కొత్తగా ఇగురుస్తుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చెవిన పెట్టకండి. లావు కొమ్మని ఒక్క దెబ్బకి కోస్తే బరువుకి చీలి మాను బెరడు కూడా ఊడదీసుకుని పోతుంది. మొదట మాను నుంచి అడుగు దూరంలో కింద వైపు నుంచి మూడో వంతు రంపంతో గాటు పెట్టాలి. దానికి రెండంగుళాలు అవతల పై నుంచి కోసి కొమ్మ పడేయాలి. ఆఖరున మిగిలిన మొట్టుని, కొమ్మ పుట్టిన చోట ఉబ్బుగా కడియంలా ఉంటుంది చూడండి, ఆ కడియాన్ని వదిలి దాని ముందు కోయాలి. గాయాన్ని కప్పే కొత్త బెరడు వచ్చేది ఆ కడియంలోంచే. మానుకి అంటించి నున్నగా కోసేవాళ్ళు దాన్ని తీసేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, గాయం మాత్రం ఏళ్ళయినా మూసుకోదు.

కోసిన చోట పేడ, పసుపు, పెయింటు, ఒక్కోచోట సిమెంటు కూడా పూస్తుంటారు. సిమెంటైతే మరీ అన్యాయం, లోపల తడి బయటికి పోక కుళ్ళిపోతుంది. రూపాయి బిళ్ళంత గాయానికి ఏమీ పూయక్కర్లేదు. పెద్ద గాయాలకి మన వానాకాలంలో బోర్డో పేస్టు పూయడం మంచిదంటాను. కొన్ని దేశాల్లో చెట్ల నిపుణులు ఏ పూతా వద్దంటారు, వాళ్ళ వాతావరణం వేరు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరు నీళ్ళలో, మంచి సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో గిన్నెలోకి పోస్తూ కర్రతో కలపాలి. అన్నీ ప్లాస్టిక్ గిన్నెలే, ఇనుము పనికిరాదు. కలిపాక చాకు ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత అంటితే సున్నం చాలలేదని, ఇంకొంచెం కలపండి. ఆ రోజుది ఆ రోజే వాడాలి. ఈ మిశ్రమం పుట్టింది ఫ్రాన్స్‌లో, బోర్డో ఊరి ద్రాక్షతోటల్లో. దారినపోయేవాళ్ళు ద్రాక్షపళ్ళు కోసుకుపోకుండా రోడ్డు పక్క తీగలకి రైతులు ఈ నీలం నీళ్ళు చల్లేవారట. ఆ తీగలకే తెగులు రాకపోవడం మియార్డే అనే ప్రొఫెసరు గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం పెట్టింది తెగులుకి పనికొచ్చింది.

మొదలు తేరుకున్నాక, జూలైలో, పొయ్యిలోకి కట్టెలు, అంటే ఎరువు. బాగా మాగిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళుని అణిచే మంచి బూజు పొడి) 200 గ్రాములు కలిపి, తడి చల్లి, గోనెపట్టా కప్పి వారం పది రోజులు నీడలో ఉంచండి. తెల్లటి బూజు అల్లుకుంటుంది, భయపడకండి, మనకి కావల్సింది అదే. మొదలుకి జానెడు దూరం వదిలి నల్లమట్టి మీద పలచగా పరిచి, పైన ఎండుటాకులు మూడంగుళాల మందాన వేయండి. తవ్వినప్పుడు కుళ్ళు వేళ్ళు బాగా ఎక్కువ కనపడితేనే, ముందు ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదలు చుట్టూ పోయండి. అప్పుడు ట్రైకోడెర్మాకి పదిహేను రోజులు ఆగాలి. లేకపోతే ఆ మందు మన మంచి బూజునే చంపేస్తుంది.

కొత్త చిగురు వచ్చాక అదీ పసుపుగానే ఉంటే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీళ్ళలో కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, పది రోజులకోసారి రెండుమూడు సార్లు. గచ్చు మీద పడితే తుప్పు మరక పడుతుంది, ముందే చెప్తున్నాను.

అమ్మగారి చెంబు మాన్పించకండి. పోసే చోటు మాత్రం మార్పించండి. మొదట్లో పోసిన నీళ్ళు బెరడు నానడానికే పనికొస్తాయి, తాగే వేళ్ళు అక్కడ లేవు. మూడు నాలుగడుగులు అవతల పోయమనండి, రోజుకో దిక్కున. అసలు తడి కోసం వానలు లేనప్పుడు వారం పది రోజులకోసారి పైపు సన్నగా వదిలేయాలి. వదిలేముందు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కడితే నీళ్ళు వద్దు. పొడిపొడిగా రాలితే పెట్టండి.

ఎంత కాలం? మూడు నెలలు ఏమీ కనపడదు. నేల కింద వేళ్ళు కడుతుంటుంది, పైకి చూపించడానికి ఏముండదు. ఆ మూడు నెలల్లోనే జనం విసిగి రెండో డబ్బా టానిక్ కొంటారు. దసరా నాటికి కింది కొమ్మల మీద చిగురొస్తే బతికినట్టే. పూల సంగతి వచ్చే వేసవికి అడక్కండి, ఆ పై వేసవికి చూద్దాం. మొదలు నుంచి గుంపుగా మొలకలు రావచ్చు. అవి అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చినవైతే నాన్నగారి సంపెంగ కాదు, దాని కింది గింజమొక్కవి, అన్నీ తీసేయండి. అంటుకి పైన వచ్చినవైతే ఒకటి రెండు ఉంచి తక్కినవి తీసేయండి.

దాపరికం లేకుండా ఇంకో మాట. తవ్వినప్పుడు మొదలు నాలుగు వైపులా గోధుమ రంగే ఉన్నా, మొదట్లో గిన్నె మూతల్లాంటి గట్టి పుట్టగొడుగులు కనపడినా, చెట్టు ఒక పక్కకి ఒరిగి రెండో పక్క నేల నెర్రె విచ్చినా ఆశ పెట్టుకోవద్దు. అది పడకగది కిటికీకి ఎదురుగా ఉందన్నారు, తుఫాను రోజు దాకా ఉంచకూడదు. అప్పుడు కూడా వడ్రంగి మాట మీద కొట్టించేయకండి, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, మునిసిపాలిటీలో అడిగి కాగితం తీసుకోండి.

చెట్టు బతికినా బతకకపోయినా ఈ వానాకాలంలోనే చేయాల్సింది ఒకటుంది. కడియం నర్సరీల్లో అంటు కట్టే మనుషులుంటారు, ఒకరిని ఇంటికి పిలిపించండి. రెండు మూడు సంపెంగ గింజమొక్కలు కవర్లతో తెచ్చుకుని, పచ్చగా ఉన్న కొమ్మల పుల్లలతో అక్కడే కడతాడు. మూడిట్లో ఒకటి పట్టుకున్నా చాలు, 1996 నాటి చెట్టే కుండీలో ఉంటుంది. ఒకటి హైదరాబాద్ తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా పారిజాతం ఫిబ్రవరి నుంచి ఆకు రాల్చి మోడులా ఉంది. మే వచ్చినా కదలిక లేదు. నీళ్ళు రోజూ పోస్తున్నాం. పోయినట్టేనా?
– హన్మకొండ పాఠకుడు

జవాబు: పోలేదు, నిద్రపోతోంది. పారిజాతం వేసవికి ఆకు రాల్చే చెట్టే. ఆకు లేని చెట్టు నీళ్ళు తాగదు, మీరు రోజూ పోసేది వేళ్ళని కుళ్ళబెట్టడానికే. వారానికోసారి చాలు. గోరుతో గీకి చూడండి, పచ్చగా ఉంటే తొలకరి దాకా దాని జోలికి పోకండి. కత్తిరింపులేమైనా ఉంటే పూలు అయిపోయాక చేయాలి, వానలకి ముందు చేస్తే ఈ ఏటి పూలు మీరే కోసి పారేసినట్టు.

ప్రశ్న: డాబా ఎదురుగా ఉన్న దేవగన్నేరు కొమ్మలు కొస నుంచి నల్లబడి మెత్తగా అయిపోతున్నాయి. పదేళ్ళ చెట్టు. ఏం చేయాలి?
– ఉప్పల్ నుంచి ఒక గృహిణి

జవాబు: నల్లబడిన చోటు నుంచి కిందికి చాకుతో చక్రాలు చక్రాలుగా కోసుకుంటూ రండి. కోత మధ్యలో గోధుమ మచ్చ ఉన్నంతసేపూ కుళ్ళు ఉన్నట్టే. తెల్లగా, చుట్టూ పాలు చిమ్మే చోటు వచ్చాక ఆగండి. కోత కోతకీ చాకు స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే జబ్బుని మీరే కిందికి మోసుకెళ్తారు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి. పైన సంపెంగకి చెప్పిన బోర్డో పేస్టే దీనికీ. ఆరోగ్యంగా ఉన్న కొమ్మ ఒకటి మూరెడు కోసి, వారం రోజులు నీడలో ఆరేసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చి నీళ్ళు తక్కువ పెట్టండి. దేవగన్నేరంత తేలిగ్గా బతికే కొమ్మ ఇంకోటి లేదు.

ప్రశ్న: సంపెంగ ఇంట్లో ఉంటే పాములొస్తాయని మా అత్తగారు నాటనివ్వడం లేదు. నిజమేనా?
– కోడలు, అమలాపురం

జవాబు: పాము పువ్వు కోసం రాదమ్మా, ఎలక కోసం వస్తుంది. చెట్టు కింద పాత సామాన్లు, కొబ్బరి డొక్కలు గుట్టపోయకుండా శుభ్రంగా ఉంచుతానని అత్తగారికి మాటివ్వండి. ఆవిడ ఇంకా ఒప్పుకోకపోతే మొదటి పువ్వు ఆవిడ జడలో పెడతానని చెప్పి చూడండి.